అల్లుడి పైపులు, నా నోరు

మార్చి 3, సోమవారం

మా అమ్మాయి తల్లి కాబోతోంది! వాళ్ళ పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి నేను తాతనవుతున్నాను! అక్షరాలు గెంతుతున్నాయి. గెంతనీ.

పొద్దున టీ గ్లాసు అందిస్తూ చెప్పింది. గ్లాసు వదిలేశాను. ఒళ్ళంతా టీ. కాలిందో లేదో కూడా తెలియలేదు. మా ఆవిడ ఏడుపూ నవ్వూ కలిపి మొదలెట్టింది, ఇంకా ఆపలేదు.

కానీ ఎవరికీ చెప్పకూడదట! మూడో నెల స్కానింగు అయ్యేదాకా గుట్టుగా ఉంచమని డాక్టరమ్మ అందట. నాన్నా, నీ నోట్లో నువ్వుగింజ నానదు, ఒట్టెయ్యి అంది అమ్మాయి. వేశాను. పది నిమిషాలకే కడుపు ఉబ్బిపోయినట్టయింది. మందుల షాపువాడు ఊరికే ఇచ్చిన డైరీ ఒకటి పడి ఉంటే తీశాను. దీనికి చెప్తే ఒట్టు తప్పినట్టు కాదు కదా.

తల్లీ, బంగారు తల్లీ, నువ్వు చల్లగా ఉండాలి.

మార్చి 5, బుధవారం

ఎదురింటి లాయరు ఈమధ్య మీ మొహం వెలిగిపోతోంది, ఏంటి సంగతి అన్నాడు. మలబద్ధకం తగ్గిందని చెప్పాను.

మార్చి 9, ఆదివారం

ఇవాళ కోపంతో రాస్తున్నాను. ఇంత సంతోషంలో ఇంత కోపం ఎలా పడుతుందో నాకే తెలియదు. పడుతోంది.

ఈ ఇంట్లో పడగ్గదులు మూడు. ఒకటి నాదీ మా ఆవిడదీ. ఒకటి అమ్మాయిదీ అల్లుడిదీ. మూడోది ఎవరిది? పైపులది! పొగాకు పైపులది! చెక్కవి, మట్టివి, వంకరవి, పొడుగువి, పొట్టివి. గోడంతా అద్దాల బీరువాలు. లోపల చిన్న చిన్న లైట్లు. ఎప్పుడో పోయినవాళ్ళు పీల్చి పారేసిన గొట్టాలకి ఏసీ. మాకు ఫ్యాను.

పోనీ కాలుస్తాడా అంటే అదీ లేదు. ఈ పిచ్చి మొదలైన కొత్తలో అడిగాను. ఛఛ, ఒంటికి మంచిది కాదు మామయ్యగారూ అన్నాడు. మరెందుకయ్యా అంటే, హాబీ అన్నాడు.

కళ్ళద్దాల షాపులో పని అతనిది. వచ్చినవాళ్ళందరి కళ్ళకీ అద్దాలు బిగిస్తాడు. సొంత పెళ్ళాం కళ్ళజోడు కాడ విరిగితే ఆ పిల్ల దారం చుట్టుకుని తిరుగుతోంది. ఇదేమిటి బాబూ అంటే, ఆ ఫ్రేము స్టాకు రావాలండీ అంటాడు. పైపులకి మాత్రం స్టాకు ఎప్పుడూ ఉంటుంది!

ఇవన్నీ సరే. ఆ ఏడాది సంగతి నేను మర్చిపోలేదు. పిల్లల కోసం టెస్టులు చేయించుకోవాలని అమ్మాయి కూడబెట్టిన డబ్బు పట్టుకెళ్ళి పైపుల పెట్టె కొనుక్కొచ్చాడు. ఎవరో ఓడ కెప్టెన్‌వట. మళ్ళీ దొరకవట. టెస్టులైతే ఎప్పుడైనా చేయించుకోవచ్చట! దాంతో టెస్టులు ఏడాది వెనక్కి పోయాయి. ఆ ఏడాది పొడుగునా అమ్మాయి మొహంలో నవ్వన్నది నేను చూడలేదు.

ఇవాళ అమ్మాయి గది ఖాళీ చెయ్యమంది. ఉయ్యాల ఎక్కడ వేద్దాం, నీ బీరువాలోనా అంది. చూద్దాంలే అన్నాడు. చూద్దాంలే! ఆ తలుపు తెరిస్తే పాత పొగాకు కంపు గుప్పుమంటుంది. ఈ పిల్ల నోరు మూసుకుని బాత్రూములోకి పరుగు. అది చూసి కూడా చూద్దాంలే!

నేను గట్టిగా ఏదో అనబోతే మా ఆవిడ నా మీద పడింది. తాగడు, తిరగడు, పేకాడడు, ఓ మూల కూర్చుని గొట్టాలు తుడుచుకుంటాడు, నీకెక్కడ నొప్పి అంది. అల్లుడి మీద ఈగ వాలనివ్వదు. నా మీద గద్ద వాలినా చూస్తూ కూర్చుంటుంది.

మార్చి 13, గురువారం

మళ్ళీ వచ్చింది పార్సిలు. వాషింగ్ మెషీను వెనక దాచాడు. బట్టలు వెయ్యబోయి అమ్మాయి చూసింది.

నేను హాల్లో ఉన్నాను. అరవలేదు అది. అరిస్తే బాగుండేది. ఆ పైపు చేతిలో పెట్టుకుని, ఇది కావాలా మేం కావాలా తేల్చుకో, గది ఖాళీ కాకపోతే ఈ నెలాఖరుకి నేను ఖాళీ అవుతాను అంది. ఇదే చివరిది అన్నాడు. ఒరే నాయనా, ప్రతిదీ నీకు చివరిదే కదరా!

బిడ్డ భూమ్మీద పడకముందే దాని తల్లీ తండ్రీ చెరో దారి పడతారా? ఈ ఇంట్లో ఒక్కరికైనా బుద్ధుందా? అన్నం సయించలేదు.

మార్చి 15, శనివారం, పగలు 12

అయింది! నా చేతులతో నేనే తేల్చేశాను!

ఆడవాళ్ళిద్దరూ డాక్టరమ్మ దగ్గరికి, అతను షాపుకి. ఇంట్లో నేనొక్కణ్ణే. గొడవంతా ఆ కంపు వల్లే కదా. కంపు పోతే అమ్మాయికి వాంతులు తగ్గుతాయి, కోపం తగ్గుతుంది, కాపురం నిలబడుతుంది. ఇంత చిన్న విషయం ఎవరికీ తట్టలేదేంటి!

కాలేజీ హాస్టల్ వంటశాలలో బతుకంతా గిన్నెలు తోమి, తోమించి రిటైరైన మనిషిని. నల్లగా మాడిన అడుగు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. ఆ పైపుల లోపల చూస్తే ఏముంది? మసి! పొరలు పొరలుగా! ఇంత శుభ్రంగా తుడుచుకునేవాడు లోపల ఒక్కసారైనా గోకలేదు. పెద్ద టబ్బులో సలసల కాగే నీళ్ళు, సోడా, సబ్బు. చేతికందినవన్నీ ముంచాను. నానాక స్టీలు పీచుతో లోపలా బయటా తోమాను. సన్నటి గొట్టాల్లోకి సైకిలు చువ్వ దూర్చాను. తేనెరంగు పట్టిపోయిన పైపు ఒకటి ఉంటే తెల్లగా తేలేదాకా వదల్లేదు. పాలలాగా వచ్చింది!

మేడమీద దుప్పటి పరిచి అన్నిటినీ ఎండలో పెట్టాను. వరసగా, బుద్ధిగా పడుకున్నాయి. నడుం విరిగిపోతోంది. అయినా ఎంత హాయిగా ఉందో! అల్లుడే వచ్చి దండం పెడతాడు చూడు.

అదే రోజు, సాయంత్రం

దండం పెట్టలేదు.

చెక్కవి చాలామటుకు నిలువునా చీలాయి. మట్టివాటికి పెళ్ళలు లేచాయి. ఆ తెల్లగా తోమినదాన్ని తీసుకుని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపలి మసే వాటి ప్రాణం మామయ్యగారూ, ఆ రంగు పట్టడానికి ఒక మనిషి బతుకంతా కావాలి అన్నాడు. అంతే. ఒక్క తిట్టు లేదు. బూట్లు విప్పకుండా వచ్చాడు, అలాగే వెళ్ళిపోయాడు. షాపు వెనకగదిలో పడుకుంటున్నాడని అక్కడ కుర్చీలు తుడిచే కుర్రాడు ఫోన్ చేసి చెప్పాడు.

మసికి ప్రాణమా? నా కూతురికి లేదా ప్రాణం?

మార్చి 16, ఆదివారం

కట్టుకున్నదాన్ని ఈ స్థితిలో వదిలి గొట్టాల కోసం గడప దాటాడు! నా ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నే ఫోన్ తీశాను. మా అన్నయ్యకి చెప్పాను, బామ్మర్దికి చెప్పాను, పెద్ద చెల్లెలికి, మా తోడల్లుడికి, చివరికి వియ్యపురాలికి. మీ కొడుకు మా పిల్లని వదిలేశాడు, మీ కొడుకుని మీరే ఉంచుకోండి, గొట్టాలతో సహా అన్నాను. ఆవిడ అయ్యో అన్నయ్యగారూ, ఏమయింది అంటూండగానే పెట్టేశాను.

అసలు సంగతి మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. ఒట్టు ఒట్టే. మంచి కబురు చెప్పనని ఒట్టేశాను. చెడ్డకబురుకి నన్నెవరూ ఒట్టు వేయించుకోలేదు.

మార్చి 17, సోమవారం

నేను అనుకున్నది అమ్మాయి నన్ను పట్టుకుని ఏడుస్తుందని. నా మీదే విరుచుకుపడింది.

పొద్దుటినుంచీ వరసగా చుట్టాల ఫోన్లు. వాళ్ళ పెద్దనాన్న విడాకులకి మంచి లాయరున్నాడన్నాడట. మేనత్త ఏడ్చిందట. ఎవరు చెప్పమన్నారు నాన్నా నీకు అంది. మొగుడితో దెబ్బలాడాను, అవును, వదిలేస్తానన్నాను, అవును, కానీ ఆయన వస్తువు నిన్ను ముట్టుకోమన్నానా అంది. నువ్వు తెల్లగా తోమినది ఎవరు కొన్నారో తెలుసా, మొదటి పెళ్ళిరోజుకి సరదాకి నేనే కొనిచ్చాను, అక్కణ్ణుంచే మొదలయింది ఈ పిచ్చి అంది.

ఆ ఏడాది సంగతి మర్చిపోయావా తల్లీ అన్నాను. అనకూడదు. అనేశాను.

మర్చిపోలేదు నాన్నా, చచ్చేదాకా అడుగుతాను ఆయన్ని, కానీ అడిగేది నేను, నువ్వు కాదు అంది. తలుపు వేసుకుంది. ఈ ఒంటితో అంత గట్టిగా తలుపు వేస్తారా ఎవరైనా!

మా ఆవిడ గిన్నెలన్నీ నా ముందు పడేసి, తోము, అంత దురదగా ఉంటే ఇవి తోము అంది. తోమాను.

మార్చి 19, బుధవారం

షాపుకి వెళ్ళాను. నేనుగా వెళ్ళాను, ఎవరూ పంపలేదు.

ఎవరో పెద్దామెకి కళ్ళజోడు ముక్కు దగ్గర సరిచేస్తున్నాడు. ఆవిడ నొక్కుతోంది బాబూ, ఇంకాస్త వదులు చెయ్యి అంటుంటే, ఎంత ఓపికగా వంచాడో. గడ్డం మాసింది. నన్ను చూసి కూర్చోండి అన్నాడు. కళ్ళు పరీక్ష చేసే కుర్చీ తప్ప ఏదీ ఖాళీ లేదు. అందులోనే కూర్చున్నాను, ఎదురుగా అక్షరాల బోర్డు. కింది వరస కనిపించలేదు. కోపంలో ఉన్నాను కాబట్టి చదవడానికి ప్రయత్నించలేదు కూడా.

ఆవిడ వెళ్ళాక చెప్పాడు. నేను తోమకముందే, ఈ వచ్చే ఆదివారానికి పాత సామాన్ల వ్యాపారిని రమ్మన్నాడట. మొత్తం ఇచ్చేద్దామనుకున్నాడట. నా చేత్తో నేను ఖాళీ చేసి మీ అమ్మాయికి గది అప్పజెబుదామనుకున్నాను మామయ్యగారూ, మీరు నాకు అది కూడా మిగల్చలేదు అన్నాడు.

మరి తొమ్మిదేళ్ళూ ఏం చేశావయ్యా అని అరిచాను. షాపులో అందరూ తిరిగి చూశారు. చూడనీ.

అద్దం తుడిచే గుడ్డని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. ఆ గది పిల్లలకే అనుకున్నాం మొదట్లో, ప్రతిసారీ ఆశపడ్డాం, ప్రతిసారీ ఏమీ లేదు, మీ అమ్మాయి ఆ ఖాళీ గది గుమ్మంలో నిలబడేది, ఆ నిలబడడం నేను చూడలేకపోయాను, ఏదో ఒకటి పెట్టి నింపాను, నింపుతూనే పోయాను అన్నాడు. ఇప్పుడు ఖాళీ చేశాక మళ్ళీ ఏమీ కాకపోతే అన్నాడు.

టెస్టుల డబ్బు కూడా అందుకేనా అన్నాను. అది మాత్రం తప్పే అన్నాడు. భయపడ్డాను, టెస్టులో నీ వల్లే అని రాస్తారేమోనని భయపడ్డాను అన్నాడు.

నాకు కోపం పోలేదు. పోలేదు, ఎందుకు అబద్ధం రాయాలి. కానీ ఆ మనిషి భుజం మీద చెయ్యి వేశాను. ఇంటికి రా బాబూ, నన్ను తిట్టాలంటే ఇంట్లో తిట్టు, ఇక్కడ గిరాకీ పోతుంది అన్నాను. నవ్వలేదు. రాలేదు కూడా.

మార్చి 20, గురువారం

రాలేదు.

మార్చి 22, శనివారం

అమ్మాయి షాపుకి వెళ్ళింది. నేనూ వస్తానన్నాను. అది నన్ను చూసిన చూపుకి చెప్పులు మళ్ళీ విప్పేశాను.

మార్చి 23, ఆదివారం

ఇద్దరూ కలిసి వచ్చారు! కలిసి నన్ను తిట్టారు! ఒకరు ఆపితే ఒకరు అందుకున్నారు. అడక్కుండా చెయ్యి పెట్టడం, అడక్కుండా నోరు పెట్టడం, రెండూ ఇంక చెల్లవన్నారు. అల్లుడు మొదటిసారి నా మీద గొంతు లేపాడు. తిట్టు నాయనా, తిట్టు. నీ పక్కన అది నిలబడి ఉంటే ఎన్నైనా తిట్టు.

తర్వాత ఆ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. అమ్మాయి ఏడుస్తూ ఆ ఏడాది గురించి అడగడం వినిపించింది. అతని గొంతు మధ్యమధ్య, సన్నగా. మళ్ళీ ఆమె. నేను తలుపు దగ్గరికి జరిగాను. మా ఆవిడ చొక్కా పట్టుకుని లాక్కొచ్చి వంటింట్లో కూర్చోబెట్టింది. ఇన్నేళ్ళొచ్చాయి, సిగ్గుందా అంది.

సాయంత్రం చీలినవన్నీ గోనెసంచుల్లోకి వెళ్ళాయి. నేను తోమకుండా మిగిలినవి ఆ వాషింగ్ మెషీను పార్సిలూ, బీరువా పైఅరలో ఇంకో నాలుగూ. అవి వ్యాపారి తీసుకెళ్ళాడు. సంచులు నేను మోస్తానన్నాను. వద్దన్నాడు. ఒక్కొక్కటీ తనే దింపాడు. మెట్ల మీద ఒకసారి ఆగాడు. అమ్మాయి పైనుంచి చూస్తోంది. మళ్ళీ దిగాడు.

ఇప్పుడు ఆ గదిలో టేపు పెట్టి కొలుచుకుంటున్నారు. గోడకి పసుపు రంగా నీలం రంగా అని దెబ్బలాట. నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే పసుపు అని చెప్పేవాణ్ణి.

ఏప్రిల్ 15, మంగళవారం

స్కానింగు అయింది. గుండె కొట్టుకోవడం వినిపించారట. గుర్రం పరుగులా ఉందన్నాడు అల్లుడు. అంతా బాగుంది, ఇంక చెప్పుకోవచ్చు!

నేనే చెప్పాలట. ఆ రోజు చెప్పినవాళ్ళకే, అదే వరసలో, అల్లుడు పక్కన కూర్చుని ఉండగా. ఇది అమ్మాయి వేసిన శిక్ష.

చెప్పవలసినవాళ్ళు:

అన్నయ్య. ముందు లాయరు అక్కర్లేదని చెప్పాలి.

బామ్మర్ది. అల్లుణ్ణి తంతానని బయల్దేరబోయాడు. రానీ, కానీ పళ్ళు పట్టుకుని రమ్మనాలి.

పెద్ద చెల్లెలు. గట్టిగా చెప్పాలి, చెవుడు. ఆ రోజు అంతా సరిగ్గానే వినిపించింది.

తోడల్లుడు. నవ్వుతాడు. నవ్వనీ.

వియ్యపురాలు. ఈవిడకి ఫోన్లో కాదు. అల్లుణ్ణి వెంటబెట్టుకుని బస్సెక్కి వెళ్ళాలి. గుమ్మంలో నిలబడి ముందు తప్పయిపోయింది చెల్లెమ్మా అనాలి. ఆ తర్వాత నేను నోరు మూసుకోవాలి. మిగతాది కొడుకు చెప్తాడు.