కంటి కొసన ఎరుపు

ఏమండీ,

నేరుగా చూస్తే మాయమై, చూపు తిప్పగానే మళ్ళీ కనబడేది ఉన్నట్టా, లేనట్టా? ఎదుర్లంక వెళ్తున్న మీ పడవ వరదలో బోల్తా పడి, మీ జాడ తెలియకుండా పోయినప్పటి నుంచీ ఈ ప్రశ్న నాతోనే ఉంది.

మన ఊరు వదిలి ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయారు. రేవులో జెండా మారింది. మీరుంటే ఊరంతా మిఠాయి పంచేవారు. నిన్న మీ అన్నయ్యగారు వచ్చి, "పన్నెండేళ్ళు నిండాయమ్మా. దర్భలతో బొమ్మ చేసి దహనం కానిచ్చేద్దాం. వాడికీ దారి దొరకాలి కదా," అన్నారు. అదయ్యాక నా నుదుట బొట్టుండదు. వెనకే వచ్చిన మీ వదినగారు, "ఈవిడింకా సందెవేళ గోదారొడ్డున కాపలా కాస్తోందిగా!" అని దెప్పారు.

కాస్తున్నాను, నిజమే. ఇవాళా వెళ్ళాను. పడవల్ని చూస్తుంటే కంటి కొసన మీరు నిలబడ్డారు. తల తిప్పితే లేరు. ఇందులో వింతేం లేదని కాలేజీలోనే చదువుకున్నాను. రంగులు పట్టే కణాలు కంటి నడుమ కిక్కిరిసి ఉంటాయి, వెలుగు తగ్గితే పనిచేయవు. మసకలో చూసే కణాలు పక్కల్లో ఉంటాయి. అందుకే సందెవేళ సూటిగా చూసింది చెదిరిపోతుంది. ఏ పడవ గుంజనో మీరనుకుని ఉంటాను.

కానీ మీ భుజం మీది తువ్వాలు ఎర్రగా ఉంది. దాని కొస నుంచి నీళ్ళు కారుతున్నాయి. కంటి పక్కల్లో రంగు పట్టే కణాలు బాగా పలచన, అంత మసకలో అవీ పనిచేయవు. మరి ఆ ఎరుపు నాకెలా తెలిసింది? ఆ రోజు మీరు వేసుకెళ్ళింది అదేనని మనసే పూసిందా?

రేపు పొద్దున్నే మీ అన్నయ్యగారు దర్భలు పట్టుకుని వస్తారు. సరేననాలో వద్దనాలో నాకింకా తెలియడం లేదు.