పట్టు వదలని గుండె

ప్రియమైన అన్నయ్యా,

నీ రిపోర్టు మళ్లీ మళ్లీ చదివాను. గుండె గోడ మందమైందని రాశారు. నాన్నకూ ఇదే ఉండి ఉంటుంది, అప్పట్లో మనకు తెలియలేదంతే. నేను రోజూ లాబ్‌లో గాజుపలక మీద చూసే జబ్బు నా సొంత అన్నకే ఉందని తెలిసి ఆ పూట పలకలన్నీ పక్కన పెట్టేశాను.

నీకు అర్థమయ్యేలా చెబుతాను, వెక్కిరించకు. కండరంలో సన్న పోగులూ లావు పోగులూ పక్కపక్కనే ఉంటాయి. లావు పోగుకు మయోసిన్ అనే ప్రోటీన్ చేతులు బోలెడు. అవి సన్న పోగును పట్టుకుని ఒక్క గుంజు గుంజి, వదిలేసి, కాస్త ముందుకు జరిగి మళ్లీ పట్టుకుంటాయి. మనం తాడు లాగినట్టే. అలా లెక్కలేనన్ని చేతులు లాగితే కండరం బిగుస్తుంది. తమాషా ఏమిటంటే, పట్టు వదలడానికి కూడా ఇంధనం కావాలి. ఏటీపీ అనే ఆ ఇంధనం వచ్చి తగిలితే గానీ చెయ్యి విడవదు. నీ గుండెలో, కూర్చుని ఉండాల్సిన చేతులు కూడా పనిలోకి దూకుతున్నాయి. అందుకని గుండె గట్టిగానే బిగుస్తోంది గానీ సరిగా వదులు కావడం లేదు. వదులైతేనే కదా లోపలికి రక్తం చేరేది. నీ ఆయాసం అందుకే.

ఆ చేతుల్లో కొన్నింటిని కాసేపు కూర్చోబెట్టే మందు కోసమే మేమంతా ఇన్నేళ్లు పనిచేశాం. నా జుట్టు నెరిసింది దాని మీదే. ఇప్పుడు మనుషుల మీద పరీక్ష మొదలైంది, మీ పెద్దాసుపత్రిలో కూడా. సగం మందికి మందిస్తారు, సగం మందికి అచ్చం అలాగే ఉండే వట్టి మాత్ర. ఎవరికేది వెళ్లిందో డాక్టర్లకు కూడా తెలియదు. వెళ్లి పేరివ్వు. కానీ అక్కడి సంగతులు నువ్వు నాకు రాయకూడదు, నేను అడగకూడదు. అది నియమం.

అయినా మెట్లు ఎక్కగలుగుతున్నావో లేదో మాత్రం రాయి. చెల్లెలిగా అడుగుతున్నాను.

నీ చెల్లి

---

ప్రియమైన సైంటిస్టు చెల్లాయికి,

పేరిచ్చాను. నీ పాఠం మీ వదినకు చదివి వినిపిస్తే, "మీ అన్నాచెల్లెళ్ల మొండిపట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది" అంది.

ఆసుపత్రి వరండాలో పొడుగాటి బెంచీ ఉంది. మాత్రల కోసం వచ్చినవాళ్లమంతా దానిమీదే కూర్చుంటాం. ఒక టైలరమ్మ, ఒక బేకరీ ఆయన, రిటైరైన లెక్కల మాస్టారు, ఇంకా కొందరు. ఈ మందు మా చెల్లెలిదే అని చెప్పాను. నేనొక్కదాన్నే చెయ్యలేదన్నయ్యా అని నువ్వు సణుగుతావని తెలుసు, అయినా చెప్పాను. మాస్టారు లేచి నిలబడి నాతో చెయ్యి కలిపాడు. నన్ను చూసి ఎవరైనా లేచి నిలబడడం నాకు ఇదే మొదలు.

ఇక నీ మెట్ల ప్రశ్న. లిఫ్టులు బాగుచేసేవాడి బతుకు నీకు తెలియనిదేముంది. లిఫ్టు చెడితేనే పిలుస్తారు, చెడింది కాబట్టి మెట్లే గతి. మొన్న పైనున్న మిషను గది దాకా ఎక్కాను, అక్కడక్కడా ఆగుతూ. ఫోను ఎత్తలేదని అలగకు. ఆ గదుల్లో సిగ్నలుండదు, ఇంటికొస్తే ఒళ్లు తెలియని నిద్ర. మనకు ఉత్తరాలే బాగుంటాయి.

ఇట్లు,
లిఫ్టు అన్న

---

ప్రియమైన అన్నయ్యా,

ఎక్కావన్న మాట చదివి పొద్దున్నంతా పని మీద మనసు నిలవలేదు. ఇలా సంతోషపడడం కూడా తప్పే, అయినా పడ్డాను.

దయచేసి ఆ బెంచీ మీద నా ఊసెత్తకు. ఇక్కడ మాకు కాలూ చెయ్యీ ఆడడం లేదు. ఈ పరీక్ష నెగ్గకపోతే మందును బీరువాలో పెట్టేస్తామని కంపెనీ వాళ్లు తేల్చి చెప్పారు. గుండె స్కాన్లు ఎంత బాగున్నా అవి రెండో మాటేనట. ముందు రోగులు తమకు నయంగా ఉందని నోటితో చెప్పాలి, నడక పరీక్షలో తేడా కనపడాలి. నా జీవితమంతా ఎవరో ముక్కూమొహం తెలియని మనుషుల నోటిమాట మీద ఆధారపడి ఉంది చూడు.

ఇవన్నీ నీకు రాయకూడదు. ఇంకెవరికి చెప్పుకోను?

నీ చెల్లి

---

ప్రియమైన చెల్లాయికి,

దిగులు పెట్టుకోకు. నీ అన్న గుర్రంలా ఉన్నాడు. ఎనిమిదో అంతస్తుకు ఒక్క ఊపున ఎక్కి, పని ముగించి, ఈలవేసుకుంటూ దిగాను. నడక పరీక్షలో నా వెనకాల గడియారం పట్టుకుని నడిచే అమ్మాయికే ఆయాసం వచ్చింది.

మా లిఫ్టుల కంపెనీలో నాకు ప్రమోషన్ కూడా వచ్చింది. ఇకనుంచి ఆఫీసులో కూర్చుని ఫిర్యాదుల ఫోన్లు చూసుకోమన్నారు. కుర్చీ మెత్తగా ఉంది. బెంచీ మీద అందరూ కులాసా. నీ మందు నెగ్గి తీరుతుంది, రాసిపెట్టుకో.

ఇట్లు,
నీ గుర్రం అన్న

---

ప్రియమైన అన్నయ్యా,

ఫలితాలు తెరిచారు. ఓడిపోయాం.

స్కాన్లు చూస్తే, మందు పుచ్చుకున్నవాళ్ల గుండెలు చక్కగా వదులయ్యాయి. మేం అనుకున్నట్టే ఆ చేతులు కూర్చున్నాయి. కానీ నయంగా ఉందా అని అడిగితే వట్టి మాత్రలు మింగినవాళ్లు కూడా అంతే గట్టిగా నయంగా ఉందన్నారు. నడకలోనూ వాళ్లేం తీసిపోలేదు. తేడా లేదు కాబట్టి మందు లేదు. ఎక్కడ పొరపాటు పడ్డామో ఎంత ఆలోచించినా తోచడం లేదు. ఇక్కడ ఎవరూ ఎవరి మొహమూ చూడడం లేదు.

నీకు ఏ మాత్ర ఇచ్చారో ఆసుపత్రి వాళ్లు చెప్పే ఉంటారు. చెప్పనక్కర్లేదు, నాకు తెలుసు. నా మందు నా అన్న ఒక్కడికైనా పనికొచ్చింది. అది చాలనుకుని పడుకుంటున్నాను.

నీ చెల్లి

---

చెల్లీ,

నాకు ఇచ్చింది వట్టి మాత్ర.

నీ ఉత్తరం వచ్చినప్పటినుంచీ ఈ మాట ఎలా రాయాలో తెలియక ఊరుకున్నాను. ఎనిమిదో అంతస్తు అబద్ధం. ప్రమోషన్ అబద్ధం. రెండో అంతస్తులోనే కూలబడితే మేనేజరు జాలిపడి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఫోనులో నా రొప్పు వింటే నీకు తెలిసిపోతుందని ఎత్తలేదు. నీకు చెప్పొద్దని మీ వదిన చేత ఒట్టు వేయించాను.

రోగులు నోటితో చెప్పాలన్నావు. అదెంత పని అనుకున్నాను. ఆసుపత్రిలో ప్రశ్నలడిగితే అన్నిటికీ బ్రహ్మాండం అన్నాను. నీరసంగా ఉన్నారేమని నర్సు అడిగితే నిద్ర చాలలేదన్నాను. నడక పరీక్ష రోజున పళ్లు బిగించి నడిచి, తర్వాత ఆసుపత్రి వెనక గోడకు చేరగిలబడి కూర్చునేవాణ్ణి. అక్కడితో ఆగినా బాగుండేది. బెంచీ మీదున్న వాళ్లందరికీ చెప్పాను, మా చెల్లెలి కష్టం, బాగుందని చెప్పండమ్మా, మీ సొమ్మేం పోయిందని. మంచివాళ్లు, చెప్పారు.

వట్టి మాత్ర మింగినవాడు బాగుందంటే అది నీ మందుకే ఎదురు తిరుగుతుందని నాకు తట్టలేదు. నీకు ఓటేస్తున్నాననుకున్నాను. ఇప్పుడు వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, నాలుగు దిళ్లు వేస్తే గానీ పడుకోలేను. దానికి బాధ లేదు. నిన్ను నా చేతులతో నేనే ముంచాను, ఆ బాధే నన్ను తినేస్తోంది.

ఈ ఉత్తరం పరీక్ష పెట్టిన మీవాళ్లకు చూపించు. నా పరువు గురించి ఆలోచించకు.

అన్న

---

అన్నయ్యా,

చూపించాను. నేను నీకు రాసినవి కూడా చూపించాను. నువ్వు అబద్ధమాడావు, నిజమే. కానీ ఏ మాట చెబితే నేను నెగ్గుతానో నీకు రాసిచ్చింది నేను. మెట్ల సంగతి అడగకుండా నోరు మూసుకుని ఉంటే, నీ బాధ నువ్వు ఆ డాక్టరుకు చెప్పుకునేవాడివి.

పరీక్ష మళ్లీ పెడతారు, వేరే ఊళ్లలో, వేరే మనుషులతో. స్కాన్లు మందును బతికించాయి. పాత పరీక్షలో ఉన్నవాళ్లెవరికీ ఇందులో చోటు లేదు. ఆ షరతు సరైనదే. దాని కింద సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. పెట్టి, బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

లాబ్‌కు సెలవు పెట్టేశాను, ఎప్పటిదాకా అని రాయలేదు. రేపు బండెక్కుతున్నాను. రాగానే నీ మంచం పక్కన కూర్చుని ఎలా ఉన్నావని అడుగుతాను. బాగున్నానని మాత్రం చెప్పకు.

నీ చెల్లి