ముందు చక్రం ఒకరికి, వెనక చక్రం ఒకరికి

వనస్థలిపురంలో కాపురముంటున్న, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన కృష్ణకుమారి అనే నేను, వయసు అరవై రెండు, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. నాకు మతి పోయిందని మా ఆడపడుచు సుమిత్రమ్మ అంటుంది. నేను రేసు సైకిలు కొన్న రోజు నుంచీ అంటూనే ఉంది కాబట్టి ఆ మాట చెల్లదు.

1. ఇల్లు, బ్యాంకులో ఉన్న డబ్బు నా భర్త జానయ్యకు, ఆయన తదనంతరం మా కూతురు శ్రీకళకు సర్వహక్కులతో చెందాలి. ఇందులో గొడవ లేదు. గొడవంతా చక్రాల దగ్గరే.

2. సదరు సైకిలుకు బ్రేకు రబ్బర్లు రిమ్మునే పట్టుకుంటాయి. రిమ్ము పొడిగా ఉంటేనే బండి ఆగుతుంది. మొన్న దసరాకు బండ్ల పూజలో మా ఆయన పసుపు కుంకుమలతో ఊరుకోక, మెరవాలని రెండు రిమ్ములకూ కొబ్బరినూనె పట్టించాడు. మర్నాడు శ్రీకళ ఎల్బీనగర్ ఫ్లైఓవర్ దిగుతూ బ్రేకు నొక్కింది. బండి సీతాఫలాల గంపల్లోకి వెళ్ళి గానీ ఆగలేదు. దాని మోచెయ్యి గీరుకుపోయింది. ఆ వారమంతా మా ఇంట్లో చితికిన సీతాఫలాలే టిఫిను.

3. "నన్ను సంపుదామనుకున్నవా నాయినా" అని అది, "ఎక్కేముందు బ్రేకు సూసుకోవద్దా" అని ఆయన. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకరు హాల్లో తింటారు, ఒకరు వంటింట్లో. "అమ్మా, నాయినను ఉప్పియ్యమను" అని కబురొస్తుంది. నేను గిన్నె పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాను. రిటైరయ్యాక కూడా నాకు డ్యూటీ తప్పలేదు.

4. కాబట్టి ముందు చక్రం జానయ్యకు, వెనక చక్రం శ్రీకళకు. ఎవరి వాటా వాళ్ళు అమ్మకూడదు, జతకు ఇంకొకటి కొనకూడదు. తుడవడంలో ఆయనకున్న ఓపిక దానికి లేదు. స్పోకులు బిగించి వంకర తీయడంలో దానికున్న చూపు ఆయనకు లేదు. ప్రతి ఆదివారం రెండు చక్రాలూ ఒకచోట చేర్చి, సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచి, ఇద్దరూ కలిసి సైకిలుకు బిగించాలి. పైపుతో నీళ్ళు కొట్టరాదు, బేరింగులు తుప్పు పడతాయి.

5. తుడిచే గుడ్డ సుమిత్రమ్మ నాకు పెట్టిన చీరలో సగం. నీళ్ళు బాగా పీలుస్తుంది, పోగు వదలదు. చీరగా దానిలో వేరే గుణమేమీ నాకు కనబడలేదు. మిగిలిన సగం ఆమెకే చెందాలి. కొబ్బరినూనె సీసా కూడా ఆమెకే, తలకు మాత్రమే.

6. నాకు చావంటే భయం లేదు. నేను పోయాక ఈ ఇద్దరూ ఒకే ఇంట్లో మూగగా ఉండిపోతారేమోనని మాత్రం చాలా భయం. సాక్షులుగా బయటివాళ్ళైతే మేలని దిల్‌సుఖ్‌నగర్ లాయరు యోగేందర్ అన్నాడు. నేను వినలేదు. సాక్షులు నేను సంతకం పెడుతుంటే చూడాలట. ఈ తండ్రీకూతుళ్ళను ఒక సోఫాలో కూర్చోబెట్టడానికి నాకు దొరికిన చట్టం అదొక్కటే.

వనస్థలిపురం, 16 నవంబరు 2025, ఆదివారం.

(సంతకం) కృష్ణకుమారి

సాక్షులు:

1. జానయ్య, భర్త.

2. శ్రీకళ, కూతురు. పెన్ను నాయిననే నా చేతికిచ్చిండు. అమ్మతోని ఇప్పియ్యలేదు.