వాసన రాగానే తియ్యాలి

ప్రియమైన బొద్దూ,

పక్కింటి టైలరమ్మకి వచ్చే ఆదివారం ఎనభై నిండుతున్నాయి. బిస్కెట్లు నేను చేస్తానని నోరు జారాను. మా అత్తగారి పాత నోటుపుస్తకం అటక మీద దొరికింది. మహాతల్లి, ఎన్ని నిమిషాలో ఎక్కడా రాయలేదు. ప్రతి బిస్కెట్ కిందా ఒకటే మాట: "వాసన రాగానే తియ్యాలి." బళ్ళో ఎవరి డబ్బాలో ఏముందో మూత తియ్యకుండా చెప్పేదానివి నువ్వు. శనివారం పొద్దున్నే బస్సెక్కు. సాకులు చెప్పావో, చెవి పట్టుకుని లాక్కొస్తాను.

నీ పొడుగు

ప్రియమైన పొడుగూ,

వస్తున్నానులే. కానీ ఆ పుస్తకమే ఎందుకే? నిమిషాలు రాసున్నది ఏదైనా చేద్దాం. పోనీ పిండి నేను కలుపుతాను, ఓవెన్ దగ్గర నువ్వుండు. ఎందుకని మాత్రం అడక్కు.

నీ బొద్దు

ప్రియమైన బొద్దూ,

టైలరమ్మ పెట్టుడు పళ్ళతోనే ఐదు బిస్కెట్లు లాగించింది. అందరూ నిన్నే మెచ్చుకున్నారు. నాకు మాత్రం శనివారం నుంచీ మనసు మనసులో లేదు.

ఐదో ట్రే లోపలుండగా డబ్బా కోసం పక్కింటికి వెళ్ళానా, తిరిగొచ్చేసరికి గుమ్మంలోనే గ్యాస్ గుప్పుమంది. నువ్వేమో అగ్గిపుల్ల గీయబోతున్నావు. లాక్కుని, గ్యాస్ కట్టేసి కిటికీలు తెరిచాను. ఓవెన్‌లో మంట ఆరిపోతే వెలిగిస్తున్నానని నవ్వావు. ఇప్పుడు పొయ్యి వెలిగించే ముందు కిటికీలన్నీ తెరుస్తున్నాను. ఒట్టేసి చెప్పు, కావాలనే చేశావా?

నీ పొడుగు

ప్రియమైన పొడుగూ,

చావాలని కాదే. చావంటే నాకెంత భయమో నీకు తెలీదా? నాకు గ్యాస్ వాసన రాలేదు. నాలుగు నెలలుగా ఏ వాసనా రావడం లేదు. వద్దన్నా ఓవెన్ దగ్గర నన్నే నిలబెట్టావుగా, ముందు నాలుగు ట్రేలూ నీ మొహం చూసి తీశాను. నువ్వు ముక్కెగరేస్తే వాసన వచ్చినట్టు. నువ్వు బయటికెళ్ళాక నాకేం తోచలేదు.

మా అక్కకీ మొదట పోయింది వాసనే. ఏడాది తిరక్కుండా నా పేరు మర్చిపోయింది. చివర్లో "ఎవరమ్మా నువ్వు?" అని ఎంతో మర్యాదగా అడిగింది. చెబితే నిజమైపోతుందేమోనని ఎవరికీ చెప్పలేదు. రోజూ లేవగానే మీ అందరి పేర్లూ పైకి చెప్పుకుంటున్నాను. మొన్న నీ అసలు పేరు దగ్గర ఆగిపోయాను. పళ్ళు తోముకుని వచ్చాక గుర్తొచ్చింది.

శనివారం తర్వాత ఇక డాక్టరుకి చూపించుకున్నాను, గురువారం పదకొండింటికి టెస్టుల సంగతి చెబుతారట. నువ్వు రావాలి. నేను బయట బల్ల మీద కూర్చుంటాను. లోపలికి నువ్వెళ్ళు. నాకేమైందో ముందు నువ్వు విను.

నీ బొద్దు