ముందు సీట్లో ఇసుక మూట

అక్కా,

నా కయాక్ పడవ సముద్రంలో బోల్తా పడిందని నీకు చెప్పింది మీ మరిది గారే. మళ్లీ నా అంతట నేనే ఎక్కానని మాత్రం చెప్పి ఉండరు.

చలికాలం తెడ్డు పట్టిన వేళ్లు కొయ్యబారిపోతాయి. వానాకాలమంతా ఒడ్డున కూర్చుని గొణుక్కుంటాను. ఎండాకాలం పొద్దున్నే నీళ్లు ఇస్త్రీ దుప్పటిలా ఉంటే అవన్నీ మర్చిపోతాను.

అది రెండు సీట్ల పడవ. ముందు బరువు లేకపోతే మూతి లేచిపోతుంది. అందుకే అక్కడ ఇసుక మూట పెట్టేదాన్ని. ఆ రోజు అదే పక్కకి జారింది.

ఒంటరిగా వెళ్లనని మాటిస్తేగానీ నాతో మాట్లాడనన్నావట. సరే, ఇచ్చాను. ఇసుక పారబోశాను. నీ కొలతకి లైఫ్ జాకెట్ కొన్నాను. ఆదివారం వచ్చెయ్. తెడ్డు నేను వేస్తాను, నువ్వు ముందు కూర్చుని తిడుతూ ఉండు.

నీ చెల్లి