వీపుకు అంటిన మన్ను

దేవరకొండ, 1949, ఆదివారం రాత్రి

పోలీసు యాక్షన్ నుంచి మూతపడ్డ తాలీంఖానా ఈరోజు తెరిచాం. అందులో మాకు కుస్తీ నేర్పిన ఖాజా ఉస్తాద్ మాత్రం గోడవతలే కూర్చున్నాడు. రజాకార్ల మీది కోపం ఎవరు తనమీద తీర్చుకుంటారోనని ఆయన ఇన్నాళ్లూ ఇల్లు కదల్లేదు. ఊరే వదిలిపోతాడేమోనని నా దిగులు.

యుద్ధంలో జపానోళ్లకు ఖైదీగా చిక్కి తిరిగొచ్చిన నా తమ్ముడు రాములు, అక్కడ నేర్చుకున్న వాళ్ల కుస్తీ మాకు నేర్పుతానన్నాడు. పాతకాలపు సిపాయిల కుస్తీ పట్టుల్లో ప్రాణం తీసేవి పక్కనపెట్టి, మిగిలినవాటిని అక్కడి పంతులొకాయన పిల్లలకు నేర్పాడట.

"మొదాలు పడుడు నేర్సుకోవాలె అన్నా" అంటూ రాములు తనే పడి, దెబ్బ తగలకుండా చేత్తో నేలను చరిచి చూపించాడు.

"వీపుకు మన్ను తాకితె ఓడినట్టే గదరా!" అని కసిరాను. ఒక్కడూ ముందుకు రాలేదు.

అప్పుడు ఉస్తాద్ లోపలికొచ్చాడు. గోదాలోని మట్టి నుదుటికి అద్దుకున్నాడు.

"నన్ను పడెయ్ బిడ్డా."

రాములు జంకుతూనే ఎత్తివేశాడు. ఆయన వీపుకు మన్ను అంటడం మేమెవరమూ ఎన్నడూ చూడలేదు. ఆయన మాత్రం రాములు చూపినట్టే నేలను చరిచి, నవ్వుతూ లేచాడు.

నలుగురం చేరితే పోలీసులు ఏమంటారోనన్న ఫికర్ ఇంకా పోలేదు. కానీ వెళ్తూ వెళ్తూ ఉస్తాద్ అన్న మాటే చెవుల్లో ఉంది.

"గోదా రాయిలెక్క గట్టిపడ్డది. రేపు తవ్వి నూనె పొయ్యున్రి. ఇగ రోజూ పడాలె గద!"