నీ నవలకు అట్ట బొమ్మ

అక్కా,

నా కోడిగీతల రాతకూ, నువ్వు ఎక్కలేకపోయిన భువనగిరి గుట్టకు మెట్లు ఎక్కువైనందుకూ సకల మానవజాతి తరఫున సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

నువ్వు పోయి ఏడాదైంది. ఈ రోజే నీ నవల అచ్చయి వచ్చింది. వంకర ఎముకలవాళ్లను సర్కారు పట్టుకుపోయి బలవంతంగా సరిచేసే నగరంలో, "నా ఒళ్లు నాది" అని ఎదురు తిరిగే పిల్ల కథ కదా, మా కాలేజీవాళ్లు ఎగబడి కొన్నారు. అట్ట మీద నేను వేయించిన, ఫ్లోరైడ్ నీళ్లకు వంగిపోయిన నీ కాళ్ల ఫోటో చూసి అమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"ఫోటో అంటెనే కొట్టొచ్చేది గదరా అది! గిదెప్పుడు దిగింది?"

"అక్కనే తియ్యమన్నదమ్మా."

అమ్మ నమ్మి, ఆ అట్టను కొంగుతో తుడిచింది.

నువ్వు నిద్రపోతుంటే దుప్పటి తొలగించి తీశానక్కా.